చీకటి చలిలో చీపుర్లు

ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌కు ప్రాణం పోసిన అయ్యగారి సాంబశివరావు పేరు పెట్టుకున్న మా ఏ.ఎస్. రావు నగర్‌లో డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు వణికిస్తాయి. ఆ చలికి ఒంటి లోపలి 37 డిగ్రీల వేడి పోకుండా చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి. దాంతో రక్తపోటు పెరిగి గుండె మీద భారం పడుతుంది. అందుకే బీపీ ఉన్న పెద్దలు ఐదింటి నడకను ఎండ వచ్చేదాకా వాయిదా వేసుకోవాలి. రిటైరైనవాళ్లకు ఆ వీలుంది. రోడ్లు ఊడ్చే ఆడవాళ్లకు ఏదీ? చీకటితోనే చీపురు పట్టాలి, తడిచెత్త ఎత్తాలి. చలికి మొద్దుబారిన వేళ్లకు గాజుపెంకు గుచ్చుకున్నా వెంటనే తెలియదు. స్వెటర్లు, గ్లౌజులు ఇవ్వాల్సిందే, కానీ అవి చాలవు. ఈ రెండు నెలలైనా వాళ్ల పని పొద్దు పొడిచాకే మొదలవ్వాలి. మన వీధి గంట ఆలస్యంగా శుభ్రమైతే మనకు పోయేదేమీ లేదు. కార్పొరేషన్ ఈ చలికాలమే వేళలు మార్చాలి.