విత్తనం వడ్లు వండుకుంటామా? తొలకరి చేపకి గాలం వద్దు

పై వీడియోలో మా చేను పక్క చెరువులో గొరకలు గాలానికి పడటం చూశారు కదా. అది మాఘమాసంలో తీసింది. చూసినవాళ్ళు ఎక్కువమంది రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒకటి, ఏం ఎర వేశారు? రెండు, తొలకరిలో అయితే గుడ్లతో ఉన్న పెద్ద చేపలు పడతాయి కదా, అప్పుడెందుకు పట్టరు? మొదటి ప్రశ్నకి జవాబు తేలికే. రెండోదాని కోసమే ఇంత రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. మూడేళ్ళ క్రితం జూన్ నెలాఖరున, వానలు పడ్డ కొత్తలో, చెరువు గట్టు వారగా ఎర్రగా చిన్న చిన్న పిల్లల గుంపు తిరుగుతూ కనిపించింది. పల్లెటూళ్ళో పెరిగిన ఎవరికైనా తెలుసు, అవి కొర్రమీను పిల్లలని. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. దగ్గరికి ఏది వచ్చినా మీదకి దూకుతాయి. ఆ కోపాన్నే వాడుకుని గాలం వేశాను. నిమిషంలో బెండు మునిగింది. మంచి సైజు చేప. సాయంత్రానికి రెండోది కూడా పడింది. వీడియో పెడితే అంతకుముందు ఏ వీడియోకీ రానన్ని చూపులు వచ్చాయి.

నాలుగు రోజులు పోయాక చూస్తే గుంపు లేదు. కాపలా పోయింది కాబట్టి జెల్లలు, కొంగలు, నీటిపాములు తినేశాయి. ఆ ఏడు మాఘంలో గాలం వేస్తే కొర్రమీను ఒక్కటీ పడలేదు. మా నాన్న ఒకే మాట అన్నాడు: "విత్తనం వడ్లు వండుకుని తిన్నావురా." ఆ వీడియో తీసేశాను.

గొరక సంగతి వేరు. ఇది పిల్లల్ని కాయదు. తొలకరి జల్లు పడి, కాలవకి నీరొదిలి, బోదెల్లో కొత్తనీరు పారగానే ఎదురెక్కి చేలల్లోకి వస్తుంది. గాలి పీల్చుకునే చేప కాబట్టి తడి గట్టు మీద కూడా మొప్పల రెక్కలతో పాకుతుంది. ఇంగ్లీషులో దీన్ని క్లైంబింగ్ పెర్చ్ అంటారు. గుడ్లు నీటి మీద తేలేలా వదిలేసి వెళ్ళిపోతుంది. అంటే ఆ ఎదురెక్కే నాలుగు రోజులే దాని విత్తనాల కాలం. సరిగ్గా ఆ రోజుల్లోనే మనం బోదె మూతి దగ్గర మావులు పెడతాం. బుట్ట నిండిందని సంబరపడతాం. నిండింది చేపలతో కాదండి, వచ్చే ఏటి పంటతో.

అందుకని మా చేలో ఇలా పెట్టుకున్నాం. తొలకరి నుంచి శ్రావణం దాకా గాలం, మావు, వల ఏదీ లేదు. సార్వా కోతకి ముందు చేలో నీళ్ళు తీసేటప్పుడు చేపలన్నీ బోదెలోంచి చెరువులోకి దిగుతాయి. అప్పుడు మొదలు. పుష్యంలో చలికి తెల్లవారుజామున ఎర ముట్టవు, ఎండ ఎక్కాక వెయ్యాలి. మాఘం నుంచి చైత్రం దాకా అసలైన కాలం. ఎండలు ముదిరాక పొద్దున్నే, మళ్ళీ సాయంత్రం. దాళ్వా అయిపోయి కాలవలు కట్టేశాక చెరువు అడుగంటుతుంది. అప్పుడు చేప చేతికే దొరుకుతుంది, ఆశ ఆపుకోవడం కష్టం. మేం చెరువు మధ్యలో లోతు గొయ్యి ఒకటి ఉంచాం. అందులో ఉన్నవి విత్తనం. వాటి జోలికి వెళ్ళం.

ఇక ఎర. గొరకకి వానపామును మించింది లేదు. నోరు చిన్నది కాబట్టి చిన్న గాలం, చిన్న ముక్క. పట్టుకునేటప్పుడు మొప్ప ముళ్ళు జాగ్రత్త. కొర్రమీనుకి చాలామంది బతికున్న కప్పని గుచ్చుతారు. నేను వద్దంటాను. మన వరిలో పురుగుల్ని తినిపెట్టే కూలీ అది, జీతం అడగదు. పరిగె పిల్లో, వానపాముల గుత్తో చాలు. బొచ్చె, శీలావతి ఉంటే తవుడు, గోధుమపిండి ముద్ద.

మా వైపు వానపామునే ఎర్ర అంటారు. ఎర, ఎర్ర, మాటలు ఎంత దగ్గరో చూడండి. గుళికలు చల్లే రోజుల్లో మా గట్టు తవ్వితే ఒక్క ఎర్ర వచ్చేది కాదు, ఎర కోసం పక్క వీధి పెంటకుప్ప దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ఘనజీవామృతం మొదలుపెట్టిన మూడో ఏటికి గట్టు మీదే దొరికాయి. గాలానికి ఎర దొరకని చేలో చేప కూడా ఉండదని అప్పుడే అర్థమైంది.

మన ప్రకృతి రైతులకి ఒక హెచ్చరిక కూడా. ఇప్ప పిండి సేంద్రియమే కదా అని చెరువులో వేసేవాళ్ళున్నారు. కార్ప్ చేపల పెంపకంలో పిల్లల్ని వదిలే ముందు నాటు చేపల్ని చంపడానికి వాడేది అదే. అందులోని సాపోనిన్ చేప మొప్పల మీద పనిచేస్తుంది. ఆ లెక్కలో మన పరిగె లాంటివన్నీ "కలుపు చేపలు". కలుపు అన్న మాట విని మందు కొట్టడం మనం చేలో మానేశాం. చెరువులోనూ మానాలి.

"నువ్వు పట్టకపోతే దిగువవాడు పడతాడు" అంటారు. నిజమే. మా బోదె మీద ఆరుగురు రైతులం. ముగ్గురు ఒప్పుకున్నారు, ఇద్దరు ఇంకా నవ్వుతున్నారు. నా దగ్గర దేశీ బియ్యం కొనేవాళ్ళే వానాకాలంలో గుడ్ల చేప అడుగుతారు, ధర కూడా అప్పుడే ఎక్కువ. లేదని చెప్పడం వ్యాపారానికి దెబ్బే. ఒకరిద్దరు బియ్యం కొనడం కూడా మానేశారు. అయినా గత మాఘంలో ఆ చెరువులోనే కొర్రమీను మళ్ళీ పడింది. జానెడు కూడా లేదు. గాలం తీసి వదిలేశాను. గాలానికి పడ్డ చేపకి ఆ అవకాశం ఉంటుంది, మందుకి పడ్డదానికి ఉండదు.

సముద్రంలో మన తీరం పొడుగునా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. వలలు ఒడ్డునే ఉంటాయి. పొట్ట కూటికి వేటాడేవాళ్ళే రెండు నెలలు ఆగుతున్నారు. సరదాకి గాలం వేసే మనం తొలకరికి ఆగలేమా? మన చెరువుకి ఆ తేదీలు మనమే రాసుకోవాలి.

మీ బోదె మీద ఎంతమంది రైతులున్నారో లెక్కపెట్టండి. ఈ తొలకరికి ముందే ఒక్కసారి కూర్చుని మాట్లాడండి. మీ వైపు ఏ నెలలో చేప ఎదురెక్కుతుందో కింద రాయండి. ఉంటానండి.