శిక్ష పడినా అప్పీలుంది

చిలకలపూడి: బందరు కోర్టులో శిక్ష పడితే ఇక అంతేనని పల్లెల్లో చాలామంది అనుకుంటారు. ప్లీడరు ఫీజుకు భయపడి కొందరు అప్పీలు మాటే ఎత్తరు. కొందరు ఉన్న అరెకరం అమ్ముకుంటారు. ఈ రెండూ అక్కరలేదు.

ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో జరిగిన విద్యార్థిని హత్య జిల్లా ప్రజలు మరచిపోయేది కాదు. ఆ కేసులో నందిగామ ప్రాంతపు పేద యువకుడు సత్యంబాబుకు 2010లో విజయవాడ మహిళా కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని తీర్పు చెప్పింది. అప్పీలే లేకుంటే ఆ తీర్పు లేదు. అయితే అప్పటికే ఎనిమిదేళ్లకు పైగా జైలులో గడిచిపోయాయి. అసలు దోషి ఎవరన్న ప్రశ్న మళ్లీ మొదటికొచ్చింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకూ ఊరట లేకపోయింది.

2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చినా అప్పీలు హక్కు పోలేదు. జైలుశిక్ష పడినవారికి తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలి. సెషన్సు కోర్టు వేసిన జైలుశిక్షపై 60 రోజుల్లో హైకోర్టుకు వెళ్లాలి. జైలులో ఉన్నవారు జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు. 1987 నాటి చట్టం ప్రకారం ఖైదీలకు, స్త్రీలకు, దళిత గిరిజనులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్లీడరును ఉచితంగా ఇస్తారు. ఇందుకు బందరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవాలి.

ఈ సంగతులు ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించడం అధికారుల విధి. జైలులో మగ్గుతున్నవారి అప్పీళ్లను ముందుగా విచారించడం అంతకన్నా అవసరం. ఎనిమిదేళ్ల తర్వాత తెరుచుకున్న జైలు తలుపు పోయిన వయసును తిరిగి ఇవ్వలేదు.