గురి కావాలా... జోరు కావాలా?

జనవరి వచ్చిందంటే హైదరాబాద్ నుమాయిష్‌లో బుడగల దుకాణం దగ్గర ఒకటే సందడి. ఎదురుగా అట్ట మీద వరసగా ఎర్రవీ పచ్చవీ బుడగలు. చేతిలో ఓ పాత ఎయిర్‌గన్. ఐదు గుండ్లు కాలిస్తే ఒక్క బుడగా పగలదు. నాన్న నవ్వుతాడు, కూతురు ఉడుక్కుంటుంది. నిజానికి తప్పంతా ఆ పిల్లది కాకపోవచ్చు. పొద్దస్తమానం పదిమంది చేతుల్లో నలిగే తుపాకీ అది. ముందున్న సైటు ఓ పక్కకి ఒరిగి ఉంటుంది, లోపలి స్ప్రింగు నీరసించి ఉంటుంది. ఆ సంగతి ఎవరికి పట్టింది? ఇంటికొచ్చాక ఒకటే పాట... 'మనమే ఒకటి కొనుక్కుందాం నాన్నా!'

సరేనని దుకాణానికి వెళ్తే ముందు ఎదురయ్యే ప్రశ్న లైసెన్సు. పాయింట్ 22 రైఫిల్ మందుగుండుతో పేలేది. ఎంత చిన్న తూటా అయినా 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం దానికి లైసెన్సు ఉండాల్సిందే. ఆదివారం పూట సరదాకి అంత తతంగం పెట్టుకునేవాళ్లు అరుదు. కాబట్టి మామూలు కుటుంబానికి మిగిలేది గాలితో పనిచేసే ఎయిర్ రైఫిలే. దానికీ ఓ గీత ఉంది. 2016లో వచ్చిన ఆయుధాల నిబంధనల ప్రకారం గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, గుండు బయటికొచ్చేటప్పటి శక్తి 20 జౌళ్లు మించకూడదు. ఈ రెంటిలో ఏది మించినా లైసెన్సు అడుగుతారు. 4.5 మిల్లీమీటర్లనే దుకాణదారులు పాయింట్ 177 అంటారు. ఎవరో పాత పాయింట్ 22 ఎయిర్ రైఫిల్‌ని సగం ధరకే ఇస్తామంటే, 'గాలి తుపాకీయే కదా' అని తెచ్చుకుంటే చిక్కుల్లో పడ్డట్టే. దాని వ్యాసం ఐదున్నర మిల్లీమీటర్లు మరి!

ఇక అసలు బేరం మొదలవుతుంది. కౌంటర్ అవతలి మనిషి చెప్పే మొదటి మాట వేగం. 'ఇది ఎనిమిది వందల అడుగులు సార్, ఇదైతే వెయ్యి!' సెకనుకి వెయ్యి అడుగులన్నమాట. బైకు కొనేటప్పుడు సీసీలు అడిగినట్టు, ఇక్కడా అంకె పెద్దదైతే సరుకు మంచిదనుకుంటారు చాలామంది. కాస్త లెక్క వేస్తే గుట్టు తెలుస్తుంది. మామూలు సీసపు గుండు బరువు దాదాపు అర గ్రాము. అది నిజంగానే వెయ్యి అడుగుల వేగంతో వెళ్తే దాని శక్తి 23 జౌళ్లు దాటుతుంది. అంటే లైసెన్సు కావాలి! చాలాసార్లు ఆ అంకె బాగా తేలికైన గుండుతో కొలిచి ప్రకటనలో వేసింది. రోజూ వాడే గుండుతో అంత రాదు, రానక్కర్లేదు కూడా.

ఎందుకంటే ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీకి వాడే తుపాకీ గుండు వేగం సెకనుకి సుమారు 170 మీటర్లే, అంటే 560 అడుగులు. శక్తి ఏడెనిమిది జౌళ్లు. బీజింగ్‌లో 2008లో అభినవ్ బింద్రాకి స్వర్ణం, లండన్‌లో 2012లో మన హైదరాబాదీ గగన్ నారంగ్‌కి కాంస్యం తెచ్చింది ఈ పోటీయే. అక్కడ పది పాయింట్లు తెచ్చే చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. గుండు కన్నా చుక్కే చిన్నది! అంత సూక్ష్మమైన పనికి అంత తక్కువ జోరు చాలినప్పుడు, పెరట్లో అట్టముక్క మీద కాల్చుకోవడానికి వెయ్యి అడుగులు దేనికి? జోరు పెరిగేకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది, గొట్టం వంచి బిగించడానికి చేతులు నొప్పెడతాయి, కాల్చినప్పుడు కుదుపూ ఎక్కువవుతుంది. పదో గుండుకే భుజం వణికితే గురి ఎక్కడ కుదురుతుంది?

చవగ్గా దొరికేవి ఈ స్ప్రింగు రకాలే. మనదేశంలో తయారైనవి సుమారు ఐదారు వేల రూపాయల నుంచి ఉన్నాయి. పది, పదిహేను వేలు పెడితే మేలైనవే వస్తాయి. సైకిల్ పంపుని ఒక్క ఊపున నొక్కినట్టు లోపలి పిస్టన్ ముందుకు దూకి గాలిని తోస్తుంది. అందుకే ఇవి వెనక్కీ ముందుకీ రెండువైపులా కుదుపుతాయి. గట్టిగా బిగించి పట్టుకుంటే గుండు తలోదారి పడుతుంది. అరచేతిలో ఊరికే ఆన్చి పట్టుకోవాలి. ఈ ఒక్క కిటుకు తెలియక 'తుపాకీ బాగాలేదు' అని అటకెక్కించినవాళ్లు ఎందరో. ముందే గాలి నింపిపెట్టే పీసీపీ రకాలకి ఈ కుదుపు ఉండదు. కాకపోతే వాటి ధర ఎక్కువ, పైగా గాలి నింపడానికి ప్రత్యేకమైన పంపో సిలిండరో కొనాలి. పోటీల్లో వాడే విదేశీ రైఫిళ్లయితే రెండు లక్షల పైమాటే. వాటి జోలికి ఇప్పుడే వద్దు.

మరి పదివేలలో మంచిది ఏదని తేల్చుకోవడం ఎలా? పేరు చూసి కాదు, కాల్చి చూసి. దుకాణంలో వీలుంటే పది మీటర్ల దూరంలో కాగితం పెట్టించి, తుపాకీని మెత్తటి సంచి మీద ఆన్చి, ఒకే చోట గురిపెట్టి ఐదు గుండ్లు కాల్చాలి. అవి చుక్క మీద పడ్డాయా లేదా అని చూడనక్కర్లేదు. ఒకదాని పక్కన ఒకటి గుంపుగా పడ్డాయా అన్నదే చూడాలి. ఐదు చిల్లులూ రూపాయి బిళ్ల చాటున దాగిపోతే గొట్టం మంచిదన్నట్టే. గుంపు ఎడమకో కుడికో పడితే సైటు తిప్పి సరిచేసుకోవచ్చు. చెల్లాచెదురుగా పడితే మాత్రం ఏ మరా తిప్పినా కుదరదు. పిల్ల చేత కూడా ఎత్తించి చూడాలి. ట్రిగ్గర్ దగ్గరికి వేలు సులువుగా అందాలి, చెంప కర్రకి ఆనాలి, నిమిషంసేపు ఎత్తి పట్టుకున్నా చెయ్యి దిగజారకూడదు. టెలిస్కోపు కోసం తొందరపడనక్కర్లేదు. స్ప్రింగు కుదుపుకి చవక రకాలు నాలుగు రోజుల్లో వదులైపోతాయి. మామూలు సైటుతో నేర్చుకున్న గురే నిలకడగా ఉంటుంది. మిగిలిన డబ్బుతో బల్లపరుపు తల ఉన్న గుండ్ల డబ్బాలు రెండు తెచ్చుకుంటే మేలు. అవి కాగితాన్ని గుండ్రంగా కత్తిరించినట్టు చిల్లు పెడతాయి, లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. సీసంతో పని కాబట్టి కాల్చడం అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుని గానీ తినడానికి కూర్చోకూడదు.

ఇంతవరకూ బాగానే ఉంది. లైసెన్సు అక్కర్లేదన్న మాట విని చాలా ఇళ్లలో దీన్ని ఆటబొమ్మ కింద జమకడతారు. అక్కడే వస్తుంది ముప్పు. అర గ్రాము సీసం కంట్లో పడితే చూపు పోతుంది. ఆడుకుంటూ ఎయిర్‌గన్ పేలి పసివాళ్లు ప్రాణాలు కోల్పోయిన వార్తలు మనదేశంలోనూ వచ్చాయి. అందుకని తుపాకీ ఒకచోట, గుండ్లు ఇంకోచోట, రెంటికీ తాళం, తాళంచెవి పెద్దల దగ్గర. కాల్చేవాళ్లకీ చూసేవాళ్లకీ కళ్లద్దాలు. గొట్టం వంచి గుండు పెట్టేటప్పుడు రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకునే ఉండాలి. జారితే వేళ్లు నలుగుతాయి. లక్ష్యం వెనక రాతి గోడ ఉంటే గుండు ఎగిరి వెనక్కి రావచ్చు. పాత న్యూస్‌పేపర్లు బిగించి నింపిన మందపాటి చెక్కపెట్టె అయితే గుండు అందులోనే ఆగిపోతుంది. మేడ మీద కాలుద్దామనుకునేవాళ్లు పిట్టగోడ అవతల ఏముందో చూసుకోవాలి. గురి తప్పిన గుండు వందల మీటర్లు పోగలదు.

దీన్ని పిట్టల తుపాకీ అనడం మన ఊళ్లలో పాత అలవాటు. ఆ అలవాటు మానాల్సిందే. చిలుక మీద ఎక్కుపెట్టినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే. పక్షుల కోసమే అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో ఎయిర్‌గన్లు అప్పగించే ఉద్యమం మొదలైతే, వందలమంది తమ తుపాకీలు తెచ్చి ఇచ్చేశారు.

గగన్ నారంగ్‌కి 1997లో తండ్రి ఎయిర్ పిస్టల్ కొనిచ్చాడు. బేగంపేటలోని ఇంటి పెరడే అతని తొలి రేంజ్. ఇప్పుడు అంత పెరడున్న ఇళ్లు ఎన్ని? పది మీటర్ల ఖాళీ జాగా, దాని చివర ఎవరూ తిరగని గోడ లేకపోతే కొనే ఆలోచన పక్కనపెట్టి ఏదైనా షూటింగ్ అకాడమీలో చేర్పించడమే మంచిది. చాలాచోట్ల కొత్తవాళ్లకి వాళ్ల రైఫిళ్లే ఇస్తారు. చెప్పేవాళ్లుంటారు, వెనక గోడ గురించి బెంగ ఉండదు. నెల రోజులు అక్కడ కాల్చాక, కొనాలో వద్దో ఆ పిల్లే చెబుతుంది. ఈలోగా మనసు షటిల్ బ్యాట్ మీదికి మళ్లినా ఆశ్చర్యం లేదు. నాన్నకి పదివేలు మిగులు!