సంతకము లేని వృత్తి

మాదాపూరులో 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటినుండి ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీరు’ అను మాట తెలుగువారి ఇంటింటికి పరిచితమైనది. కాని ఆ పేరులోని ఇంజనీరునకు తగిన బాధ్యత ఇంకను ఏర్పడలేదు.

2019లో తెలంగాణ ఇంటర్మీడియేట్ ఫలితములు వెలువడినప్పుడు ఒక విద్యార్థినికి తెలుగులో సున్న మార్కులని ప్రకటించినారు. తిరిగి చూడగా వచ్చినవి 99. మార్కుల గడులు నింపుటలో పరీక్షకుని చేయి పొరపడినది. మనుష్యుడు పొరపడుట సహజమే. అయితే తక్కిన సబ్జెక్టులలో మంచి మార్కులు తెచ్చుకొన్న బాలికకు మాతృభాషలో సున్న ఏమిటని ఆపి అడుగవలసిన ఏర్పాటు ఏదియు ఆనాడు పనిచేయలేదు. అట్టి ఏర్పాటు చేయుటయే ఇంజనీరు పని.

వైద్యునికి, న్యాయవాదికి రిజిస్టరు కలదు. ఘోరమైన తప్పిదమునకు అందుండి పేరు తొలగింతురు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరునకు మన దేశములో అట్టిది లేదు. గడువు తరుముచున్నను, “ఇది పరీక్షకు నిలువలేదు, విడుదలకు సంతకము చేయను” అనగల అధికారము అతనికి ఉండవలెను. చేసిన సంతకమునకు జవాబుదారీయు ఉండవలెను. జన జీవితమును తాకు పనులలోనైన ముందుగా ఈ నియమము రావలెను.

లెక్క చేసిన పిదప సరిచూచుకొమ్మని బడిలో చెప్పుచునే ఉన్నాము. ఉపాధ్యాయులు కంప్యూటరు పాఠములోను ఆ మాటనే మొదట చెప్పవలెను.