స్క్రీన్ ప్రింటింగ్ మెషిన్‌కి తెలుగు రాదా?

మాది ముదిగుబ్బ. వాన నమ్ముకుని వేరుశనగ వేసే మా వైపు నుంచి చాలామంది బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీలకు పోతారు. మా చిన్నాయన కొడుకు అక్కడ టీషర్టుల మీద బొమ్మలేసే ఆటోమేటిక్ స్క్రీన్ ప్రింటింగ్ మెషిన్ ఆపరేటర్. చదివింది పది దాకా, తెలుగు మీడియం. మెషిన్ మాన్యువల్ మొత్తం ఇంగ్లిష్. సూటిగా చెప్తా: అందులో కనీసం రిపేర్ల చాప్టర్ తెలుగులో ఉండాలి. రాయాల్సింది మనమే.

"ట్రాన్స్‌లేట్ యాప్ ఉంది కదరా" అంటారు. మాట మారితే చాలదు, తప్పు వెతికే వరుస తెలియాలి. ఈ మెషిన్‌లో టీషర్టులు తొడిగిన పలకలు గుండ్రంగా తిరుగుతాయి, ఒక్కో హెడ్ కింద ఆగినప్పుడు ఒక్కో రంగు పడుతుంది. రంగు పక్కకు జరిగిందనుకోండి. అన్ని పలకల మీదా అదే రంగు, అదే వైపు జరిగితే ఆ హెడ్‌లో స్క్రీన్ క్లాంప్ చూడాలి. ఒక్క పలక మీదే రంగులు కలవకపోతే ఆ పలక లూజై ఉండాలి, లేదా బట్ట జిగురుకు సరిగా అంటుకోలేదు. అన్నిటి మీదా ఇష్టమొచ్చినట్టు జరుగుతుంటే పలకల్ని తిప్పి ఆపే ఇండెక్సర్ మీద అనుమానపడాలి. మనం ల్యాబ్‌లో చేసే డీబగ్గింగ్ ఇదే కదా!

ఇంకోటి. డిస్‌ప్లే మీద సెన్సర్ ఎర్రర్ వస్తుంది. మన సీఎస్ఈ వాళ్లం వెంటనే వైరో, ప్రోగ్రామో అంటాం (మన జబ్బు అది). చాలాసార్లు సెన్సర్ బాగానే ఉంటుంది, గాలి ప్రెషర్ చాలక సిలిండరే అక్కడిదాకా చేరదు. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు వదలకపోతే తేమ పైపుల్లోకి పోయి వాల్వులు మొరాయిస్తాయి. మా అన్న దీన్ని "మెషిన్ ఆయాసపడుతోంది" అంటాడు. ఎర్రర్ నంబర్ కన్నా నాకు ఆ మాటే ఎక్కువ చెప్పింది.

పనిముట్ల భాష తెలుగుకు కొత్తేం కాదు. మా పక్కన ధర్మవరంలో మగ్గం మీద పడుగు, పేక, నాడె అని తెలుగులోనే మాట్లాడుకుంటారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశం రెండో సంపుటాన్ని చేనేత మాటలకే కేటాయించారు, 1971లో. అలాంటి పని మనకెందుకు చేతకాదు? ఉగాది కవితల పోటీ పెట్టండి, నేనూ వస్తా. దాంతోపాటు ఆపరేటర్ల మాటలతోనే ఒక నాలుగు పేజీలు రాద్దాం. మొదటి లైన్ నేనే ఇస్తున్నా: "లోపల చెయ్యి పెట్టే ముందు కరెంటు ఆపితే సరిపోదు, లైన్లో గాలి కూడా వదిలెయ్. పైపులో గాలి మిగిలితే సిలిండర్ కదిలి చెయ్యి నలుగుతుంది."