నింద హెడ్‌ఫోన్స్‌దేనా?
కొత్త హెడ్‌ఫోన్స్‌లో ఎడమ, కుడి వేరుగా వినిపించడం లేదని వెంటనే వాటిని తిట్టిపోయడం అన్యాయం. చాలాసార్లు తప్పు ఫోన్‌దో, పాటదో అయ్యుంటుంది. ముందు సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరిచి ‘మోనో ఆడియో’ ఆన్‌లో ఉందేమో చూడండి. ఒక చెవే వినిపించేవారికి ఎంతో మేలు చేసే సదుపాయమది. పొరపాటున ఆన్ అయితే మాత్రం రెండు చానెళ్లనూ కలిపేస్తుంది. తర్వాత పాట సంగతి. 1957 నాటి ‘మాయాబజార్’ పాటలు మోనోలో రికార్డయినవి. వాటితో స్టీరియోను పరీక్షించలేం. లెఫ్ట్-రైట్ టెస్ట్ ఆడియో పెట్టి వినండి. వైరున్నవైతే పిన్ను పూర్తిగా లోపలికి నొక్కండి. గ్రౌండ్ కాంటాక్ట్ అందకపోతే మధ్యలో ఉండాల్సిన గాయకుడి గొంతు మాయమై, వాద్యాలు బోలుగా వినిపిస్తాయి. బ్లూటూత్‌వైతే మైకు వాడుతున్న యాప్‌లు మూసేయండి. కాల్ మోడ్‌లో సాధారణంగా మోనోనే వస్తుంది. ఇన్ని చూశాక, మరో ఫోన్‌కు పెట్టినా అదే తీరైతే లోపం కచ్చితంగా హెడ్‌ఫోన్స్‌దే. అప్పుడిక ‘పోన్లే, అలవాటైపోతుంది’ అని సర్దుకోవద్దు. కష్టపడి సంపాదించిన డబ్బు అది. రిటర్న్ గడువు దాటకముందే వెనక్కిచ్చేయండి.