ప్లాను పెంచితే పెట్టె మారుతుందా?

ఇందుకూరుపేట మండలంలో ఇంటి వైఫై నత్తనడక నడిచిందంటే వినపడే కారణాలు రెండు. సముద్రం పక్క ఊళ్ళు, ఉప్పుగాలికి లైన్లు పాడవుతాయని ఊళ్ళో వాళ్ళంటారు. తీసుకున్న ప్లాను చిన్నదని బిల్లు వసూలుకొచ్చే అబ్బాయి అంటాడు. మొదటిది అపోహ. రెండోది వ్యాపారం.

ఉప్పుగాలి సంగతి ముందు తేల్చేద్దాం. మైపాడు తీరం గాలికి తుప్పు పట్టేది ఇనుము, చిలుము పట్టేది రాగి. ఇప్పుడు ఇంటికొస్తున్నది గాజు తీగ. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, నెలకు 149 రూపాయలన్న మాటతో, కరెంటు స్తంభాల మీదుగా ఆ తీగను పల్లెలకు లాగింది. గాలివానకు అది తెగుతుంది, నిజమే. తెగితే ఫైబర్ బాక్సు మీద ఎర్రలైటు వెలిగి నెట్ పూర్తిగా పోతుంది. ముందుగదిలో బాగా వచ్చి వెనకగదిలో గిరగిరా తిరుగుతూ ఉండిపోయే వీడియోకు తీగ మీద నెపం వేయడం అన్యాయం.

ఇక ప్లాను. ఒకే తీగను చాలా ఇళ్ళకు పంచే జీపాన్ పద్ధతిలో ఒక ఫైబర్ మీద సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు దిగుతాయి. దాన్ని 64 ఇళ్ళకు పంచి, అందరూ ఒకేసారి వాడినా ఇంటికి 38 ఎంబీపీఎస్ పైమాటే. ఆపరేటరు పైనుంచి కొనే బ్యాండ్‌విడ్త్‌లోనే పిసినారితనం చేస్తే సాయంత్రాలు మందగిస్తుంది, కాదనను. అది తేల్చుకోవడం ఎంతసేపు? ల్యాప్‌టాప్‌కు లాన్ వైరు గుచ్చి స్పీడు చూడండి. వైరు మీద తొంభై వచ్చి, పక్కగదిలో ఫోనుకు పన్నెండే వస్తే తప్పు కంపెనీ ఇచ్చిన రౌటరుది. కాలువ నిండుగా పారుతున్నా తూము సన్నదైతే మడి తడవదని పెన్నా కింద సేద్యం చేసేవాళ్ళకు నేను చెప్పాలా?

మా ఇంట్లో బిగించిన పెట్టెనే చూడండి. ఉన్నది 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే, 2009 నాటి వైఫై ప్రమాణం. మీద 300 ఎంబీపీఎస్ అని స్టిక్కరు. వెనక, ఫైబర్ బాక్సు నుంచి వైరు వచ్చి దూరే పోర్టు వందకు మించదు! ఆ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్ళు మూడే. వీధిలోని రౌటర్లన్నీ, బ్లూటూత్‌లతో సహా, అక్కడే కొట్లాడుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు బోలెడు. కేంద్రం 2018లోనే అందులో 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు అక్కర్లేకుండా వదిలింది. గోడలు దాటడంలో అది కాస్త బలహీనం, అందుకే రెండూ ఉన్న రౌటరు కావాలి. పైగా బిగించిన చోటు టీవీ వెనక, ఇనప బీరువా పక్కన. డ్రిల్లు సులువుగా దిగింది అక్కడేనట.

"రెండొందల ప్లానుకు మారండన్నా" అంటాడు అబ్బాయి. వంద దాటని పోర్టులోంచి రెండొందలు ఎలా వస్తాయంటే, "కంపెనీ ఇచ్చిందే పెడతాం గదన్నా" అని నవ్వుతాడు. అతన్నని లాభం లేదు. సొంత రౌటరు కొనుక్కుంటానంటే మాత్రం లాగిన్ వివరాలు చెప్పరు.

ఎవరి పరికరం వాళ్ళు తగిలించుకునే హక్కు కొత్త కోరికేమీ కాదు. నెట్‌వర్కుకు హాని చేయని బయటి పరికరాన్ని ఫోను లైనుకు కలపనివ్వాలని అమెరికాలో కార్టర్‌ఫోన్ కేసు తేల్చింది 1968లో. జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి కంపెనీ రౌటరే వాడాలన్న నిర్బంధం పోయింది. ఇక్కడ అంతదాకా పోకముందే చేయదగిన పని ఒకటుంది: ప్లాను వేగం ముద్రించే బిల్లు మీదే, ఇచ్చిన రౌటరు ఎంత వేగం మోయగలదో కూడా ముద్రించమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించాలి. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పడ్డాక పెద్ద ప్లాను అమ్మడానికి రమ్మనండి.